మూడు గ్రుడ్ల కథ: చెర్రీ గారార్డ్ యాత్రాగ్రంథంపై ఒక విమర్శ

తెలియని దానిని తెలిసికొనవలెనన్న కుతూహలం మానవునికి సహజమని మనం తరచుగా అంటూ ఉంటాము. సహజమే. కాని ఆ కుతూహలానికి మనుషులు చెల్లించిన ఖరీదెంత, చెల్లించిన పిమ్మట చేతికి దక్కినదేమిటి అని దాపరికం లేకుండా లెక్క చూపే గ్రంథాలు అరుదు. సాహసయాత్రల సాహిత్యంలో అధికభాగం జయస్తంభాల వంటిది. జెండా నాటిన చోట కథ ముగుస్తుంది. జెండా నాటనివాని కథ మరణంతో ముగుస్తుంది. రెండింటిలోను పాఠకుడు కళ్ళు చెమర్చుకొని పుస్తకం మూసివేస్తాడు గాని, "ఇంతకూ ఏమి తెలిసింది?" అని అడగడు.

ఆ ప్రశ్నను అడగక తప్పని స్థితిలో పాఠకుని నిలబెట్టే గ్రంథం ఒకటున్నది. 1922లో లండనులో రెండు సంపుటాలుగా వెలువడిన 'ది వర్స్ట్ జర్నీ ఇన్ ది వరల్డ్' అది. లోకంలోకెల్లా దుర్భరమైన ప్రయాణం అని ఆ పేరుకు అర్థం. గ్రంథకర్త ఆప్స్లీ చెర్రీ గారార్డ్. పేరు చూసి ఇది దక్షిణధ్రువం చేరి, తిరుగుదారిలో మరణించిన కాప్టెన్ స్కాట్ యాత్రను గురించినదని చాలామంది అనుకుంటారు. స్కాట్ కథ ఇందులో ఉన్న మాట నిజమే. కాని పేరులోని ఆ ప్రయాణం ధ్రువయాత్ర కాదు. అది అంతకుముందు చలికాలంలో ముగ్గురు మనుషులు పెంగ్విన్ గ్రుడ్ల కోసం చేసిన ఐదువారాల ప్రయాణం.

చెర్రీ గారార్డ్ శాస్త్రజ్ఞుడు కాడు. ఆక్స్‌ఫర్డులో చరిత్ర చదివినవాడు, కలిగిన కుటుంబంలో పుట్టినవాడు. 1910లో స్కాట్ నాయకత్వాన 'టెర్రా నోవా' ఓడ దక్షిణధ్రువ ఖండానికి బయలుదేరినప్పుడు ఇరువదినాలుగేళ్ళ వయస్సులో, యాత్రానిధికి వెయ్యి పౌన్ల విరాళమిచ్చి, జంతుశాస్త్ర సహాయకుడుగా చేరాడు. ఆయనకు హ్రస్వదృష్టి. కళ్ళద్దాలు లేనిదే పది గజాల అవతలి మనిషిని పోల్చుకోలేడు. గడ్డకట్టించే చలిలో ఊపిరి తగిలి కళ్ళద్దాలపై మంచు పేరుకొంటుంది గనుక, అక్కడ వాటిని పెట్టుకొనడానికి వీలులేదు. ఈ సంగతి జ్ఞాపకముంచుకొని పుస్తకం చదవాలి. యాత్ర ముగిసిన తర్వాత దాని చరిత్రను వ్రాయమని యాత్రాసంఘం ఆయననే కోరింది. కాని సంఘం చాటున ఉండి నిజం వ్రాయడం సాధ్యం కాదని తోచి, ఆ ఒప్పందం విడిచిపెట్టి స్వంతంగా వ్రాసుకున్నాడు. పొరుగున ఉండిన బెర్నార్డ్ షా దంపతుల ప్రోత్సాహం ఆయనకు దొరికింది. గ్రంథానికి గల బలమూ, దానిలోని చిక్కులూ రెండూ ఈ స్వాతంత్ర్యం నుండి పుట్టినవే.

ముందుగా ప్రశ్న సంగతి. గ్రుడ్ల కోసం ప్రాణాలొడ్డటం పిచ్చిగా కనిపించకుండా ఉండాలంటే ఆ గ్రుడ్లలో ఏమి దొరుకుతుందని వారు ఆశించారో తెలియాలి. 1861లో బవేరియాలో సున్నపురాళ్ళ మధ్య ఆర్కియాప్టెరిక్స్ అనే శిలాజం బయటపడింది. దానికి పక్షివలె ఈకలు, సరీసృపంవలె దంతాలు, పొడుగాటి ఎముకల తోక ఉన్నవి. పక్షులు సరీసృపాల నుండి వచ్చినవనడానికి అది గొప్ప నిదర్శనం. ఐతే పొలుసు ఈకగా ఎట్లు మారిందన్న సంగతి ఆ రాయి చెప్పలేదు. ఆ కాలపు జర్మను జీవశాస్త్రజ్ఞుడు ఎర్న్‌స్ట్ హెకెల్ 1866లో ఒక సిద్ధాంతం చెప్పి ఉన్నాడు: ప్రతి జీవీ పిండదశలో తన జాతి పరిణామ చరిత్రను క్లుప్తంగా మళ్ళీ నడుస్తుందని. అది నిజమైతే, పక్షులలో అత్యంత ఆదిమమైన దాని పిండాన్ని పరిశీలిస్తే దంతాల మొలకలు, పొలుసు ఈకగా మారే ఘట్టం కళ్ళకు కట్టవలె. రెక్కలున్నా ఎగరలేని ఎంపరర్ పెంగ్విన్ అట్టి ఆదిమపక్షి అని యాత్రలోని శాస్త్రవేత్తలకు నాయకుడైన డాక్టర్ ఎడ్వర్డ్ విల్సన్ భావించాడు.

ఈ పక్షి స్వభావమే విచిత్రం. ఇతర పక్షులు వసంతంలో పిల్లలను లేపితే ఇది దక్షిణార్ధగోళపు నడిచలికాలంలో, సూర్యుడు ఉదయించని రోజులలో, సముద్రంపై గడ్డకట్టిన మంచుమీద గ్రుడ్డు పెడుతుంది. గూడు లేదు. మగపక్షి ఆ ఒక్క గ్రుడ్డును పాదాలమీద పెట్టుకొని, పొట్ట చర్మపు మడత కప్పి, సుమారు 65 రోజులు ఆహారం లేకుండా నిలబడుతుంది. స్కాట్ మొదటి యాత్రలో, అనగా 1901–04 నాటి 'డిస్కవరీ' యాత్రలో, క్రోజియర్ అగ్రం దగ్గర ఈ పక్షుల నివాసం కనిపించింది. కాని వసంతంలో చేరేటప్పటికే పిల్లలు ఎదిగి ఉన్నవి. కనుక పిండాలు కావలెనంటే చలికాలంలోనే పోవలె. విల్సన్ ఆ కోరికను దాదాపు పదేళ్ళు మనస్సులో మోశాడు.

1911 జూన్ 27వ తేదీన ఇవాన్స్ అగ్రంలోని తమ గుడిసె నుండి విల్సన్, హెన్రీ బవర్స్, చెర్రీ గారార్డ్ బయలుదేరారు. దూరం 67 మైళ్ళు. సామాను 757 పౌన్లు, అంటే దాదాపు 340 కిలోలు. దానిని రెండు జారుబండ్లపై వేసి, గుర్రాలు కుక్కలు లేకుండా, ముగ్గురూ పట్టీలు తగిలించుకొని లాగారు. ఆ చలిలో మంచు ఇసుకవలె ఉంటుంది. బండి అడుగుపట్టీ రాపిడికి కొద్దిగా కరిగి నీటిపొర ఏర్పడితేనే అది జారుతుంది. మరీ శీతలమైన మంచు కరగదు గనుక జారదు. రెండు బండ్లనూ ఒక్కసారి లాగలేక, ఒకదానిని కొంతదూరం లాగి వదిలి, మళ్ళీ వెనుకకు వచ్చి రెండవదానిని తెచ్చారు. ఒక మైలు ముందుకు పోవడానికి మూడు మైళ్ళు నడవాలి. వెనుకనున్న బండిని చీకటిలో వెదకడానికి చేతిలో క్రొవ్వొత్తి. రోజంతా శ్రమించినా రెండు మైళ్ళు దాటని రోజులున్నవి. 67 మైళ్ళకు 19 రోజులు పట్టింది.

శీతలత సున్నాకు దిగువ 77.5 డిగ్రీల ఫారన్‌హీట్ వరకు పోయింది. సెంటిగ్రేడులో మైనస్ 60.8. మన ఇళ్ళలోని శీతలయంత్రపు గడ్డ అరలో ఉండేది మైనస్ 18 మాత్రమే. అంకె చెప్పినంత మాత్రాన విద్యార్థికి బోధపడదు. గ్రంథకర్త చెప్పిన ఒక్క సంఘటన చాలు. ఒక ఉదయం ఆయన గుడారం నుండి బయటకు వచ్చి చుట్టూ చూడటానికి తల ఎత్తాడు. అంతలోనే చెమటతో తడిసి ఉన్న దుస్తులు బిగుసుకుపోయి మెడ మళ్ళీ దించడానికి వీలు కాలేదు. ఆ పూటంతా తల పైకెత్తుకొనే బండి లాగాడు. అప్పటినుండి ముగ్గురూ బయటకు రాగానే, బండిలాగే భంగిమలోకి వంగి, ఆ భంగిమలోనే దుస్తులను గడ్డకట్టనిచ్చేవారట. చెమట ఆవిరికాదు, చర్మానికీ బట్టకూ మధ్య మంచుగా పేరుకొంటుంది. నిద్రసంచులు రోజురోజుకూ బరువెక్కి, చివరకు మొదటికంటె రెట్టింపు మించినవి.

ఈ అధ్యాయం, అనగా గ్రంథంలో ఏడవది, ఎందుకు గొప్ప రచన అయినదో చెప్పవలసి ఉన్నది. భయంకరమైన విషయం చెప్పటం వల్ల మాత్రం కాదు. అదే ప్రయాణాన్ని గురించి విల్సన్ వ్రాసిన నివేదిక 1913లో అచ్చయినది. అందులోను చలి, చీకటి, తుపాను అన్నీ ఉన్నవి. కాని విల్సన్ తనను తాను చెరిపివేసుకొని వ్రాసే మనిషి. తాము దాదాపు మరణించిన రాత్రిని గురించి ఆయన వ్రాసిన తీరు చూస్తే, గుడారం చిరిగినందుకు సంజాయిషీ ఇచ్చుకొంటున్నట్లుంటుంది. చెర్రీ గారార్డ్ పదేళ్ళ తర్వాత వ్రాశాడు. అప్పటికి తోడువెళ్ళిన ఇద్దరూ లేరు. తన దినచర్యను, విల్సన్ వ్రాతను, బవర్స్ వ్రాతను పక్కపక్కన పెట్టి, ఒక్కొక్కచోట వారి మాటలనే మాట్లాడనిచ్చి, కథ నడిపాడు. సాక్షులు ముగ్గురు కావటం వల్ల అతిశయోక్తికి తావు తగ్గింది. ఆయన వాక్యంలో హాస్యం కూడా ఉన్నది. అది దుఃఖాన్ని కప్పటానికి కాదు, కొలవటానికి.

ఇంకొక గుణం ఉపాధ్యాయులు ముఖ్యంగా గమనించదగినది. ఆ చీకటిలో కూడా ఆ ముగ్గురు ప్రయోగాలు మానలేదు. బవర్స్ వేళ్ళు కొంకర్లు పోతున్నా ఉష్ణోగ్రతలు, గాలులు పుస్తకంలో నమోదు చేస్తూనే ఉన్నాడు. ఆహారంపైన కూడా పరీక్ష చేశారు: ఒకరు ఎక్కువ బిస్కత్తులు, ఒకరు ఎక్కువ ఎండుమాంసపు ముద్ద, ఒకరు ఎక్కువ వెన్న తిని, శరీరం దేనిని కోరుతుందో చూచి, ఒక పాలు నిర్ణయించారు. తర్వాత ధ్రువయాత్రలో వాడినది ఆ పాలే. వీటితోబాటు చిన్నచిన్న మర్యాదలు. బవర్స్ తన వద్ద వాడకుండా దాచియుంచిన, పొడిగా ఉన్న ఈకల దుప్పటిలోపొరను చెర్రీకి ఇవ్వజూపాడు. చెర్రీ మొదట పుచ్చుకొనలేదు. ఇక తట్టుకోలేననిపించిన తరువాత పుచ్చుకున్నాడు. ఐదువారాల్లో ఒకరిపై ఒకరు విసుగుకొన్నది లేదని గ్రంథకర్త సాక్ష్యం. సాహసమంటే ఛాతీ విరుచుకొనటం అనుకొనే బాలురకు ఈ దుప్పటి కథ ఒక్కటి చెప్పితే చాలు.

క్రోజియర్ అగ్రం చేరి కొండవాలున రాళ్ళతో చిన్న గూడు కట్టి, పైన కాన్వాసు గుడ్డ కప్పుకున్నారు. జూలై 20న మంచుగోడల సందులగుండా ప్రాకి పక్షుల దగ్గరకు దిగారు. వేలసంఖ్యలో ఉంటవనుకొన్న పక్షులు సుమారు నూరు మాత్రమే ఉన్నవి. గ్రుడ్డు లేని కొన్ని పక్షులు గ్రుడ్డంత మంచుగడ్డను పాదాలపై పెట్టుకొని పొదుగుతున్నట్లు కూడా చూచారు. ఐదు గ్రుడ్లు తీసుకొన్నారు. మసక చీకటిలో, కళ్ళద్దాలు లేకుండా ఎక్కివస్తూ చెర్రీ పడటం వల్ల ఆయన చేతితొడుగులలోని రెండు గ్రుడ్లు పగిలినవి. మిగిలినవి మూడు.

అటు తరువాత తుపాను. గుడారం గాలికి ఎగిరిపోయింది. జూలై 23న, విల్సన్ పుట్టినరోజున, గూటిపైని గుడ్డ కూడా పీలికలై పోయింది. ముగ్గురూ నిద్రసంచులలో, మంచు తమపై పేరుకొంటుండగా, పడుకొని ఉండిపోయారు. గుడారం లేకుండా తిరుగుప్రయాణం అసాధ్యమని ముగ్గురికీ తెలుసు. తుపాను సన్నగిల్లిన తర్వాత వెదకగా వాలు దిగువ సుమారు అరమైలు దూరంలో, గొడుగువలె ముడుచుకొని, గుడారం దొరికింది. ఇది యాదృచ్ఛికం. గ్రంథకర్త దానిని యాదృచ్ఛికమనే వ్రాశాడు, తమ ధైర్యానికి ఫలమని వ్రాయలేదు. ఆగస్టు 1న వారు గుడిసె చేరుకున్నారు.

ఇంతవరకు ప్రశంస. విమర్శకు ఇక్కడ చోటున్నది.

మొదటి ప్రశ్న విల్సన్‌ను గురించినది. ఇద్దరు యువకులను నడిచలికాలపు చీకటిలోకి తీసికొనిపోయే హక్కు ఆయనకున్నదా? ఇంత ఘోరంగా ఉండునని తాను ఊహించలేదని విల్సన్ దారిలో పలుమారు నొచ్చుకొన్నట్లు గ్రంథకర్తయే చెపుతాడు. చెప్పి, వెంటనే విల్సన్ మహనీయతను కొనియాడటంలోకి జారుకొంటాడు. స్కాట్‌ను తూచటానికి వెనుదీయని కలం విల్సన్ దగ్గరికి వచ్చేసరికి మెత్తబడుతుంది. ప్రేమించిన గురువు విషయంలో ఇది క్షమింపదగినదే. కాని పాఠకుడు ఆ ప్రశ్నను విడిచిపెట్టనక్కరలేదు. ముగ్గురూ ఇష్టపూర్వకంగా వెళ్ళారన్నది సమాధానంలో సగం మాత్రమే. గురువుపై భక్తిగల శిష్యుని ఇష్టాన్ని పూర్తి ఇష్టమని అనగలమా?

రెండవది శాస్త్రవిషయం. పరిణామ ఘట్టాలు వరుసగా కనబడవలెనంటే వేర్వేరు వయస్సుల పిండాలు చాలా కావలె. ఐదు గ్రుడ్లు దక్కినా అవి చాలవు. మూడు అసలే చాలవు. పైగా హెకెల్ సిద్ధాంతానికి పునాది 1911 నాటికే బీటలు వారినది. పిండాలు పూర్వజంతువుల పెరిగిన రూపాలను పోలవని, వాటి పిండాలనే పోలుతవని, వాన్ బేయర్ 1828లోనే చెప్పి ఉన్నాడు. ఈ సందేహాలను పాఠకునికి తెలుపవలసిన బాధ్యత గ్రంథకర్తపై ఉన్నది. ఆయన తెలుపలేదు. ప్రశ్నను విల్సన్ నుండి ఎట్లు విన్నాడో అట్లే మనకు అప్పగించాడు. గ్రంథంలో నాకు పెద్దలోపంగా కనిపించేది ఇదే. చలిని అంత సూక్ష్మంగా వర్ణించినవాడు, ఏ తర్కం కోసం చలిలోకి వెళ్ళాడో దానిని అంత సూక్ష్మంగా పరీక్షించలేదు.

మూడవది లండను మ్యూజియంలోని ఘట్టం. 1913లో మూడు గ్రుడ్లను ప్రకృతిచరిత్ర మ్యూజియానికి ఇవ్వబోయినప్పుడు అక్కడివారు నిర్లక్ష్యంగా చూశారని, ధన్యవాదమైనా చెప్పలేదని, రసీదు కోసం వసారాలో కూర్చోవలసివచ్చిందని ఆయన వ్రాశాడు. దానిని చిన్న ప్రహసనంవలె సంభాషణరూపంలో వ్రాశాడు. చదివినవారెవరూ ఆ పుటను మరువరు. ఐనను, ప్రయాణానికి సాక్షులు ముగ్గురుంటే ఈ ఘట్టానికి సాక్షి ఒక్కడే. ఆ ఒక్కడు నొచ్చుకొన్న మనిషి. గుమాస్తా మర్యాద తప్పటం వేరు, శాస్త్రం మర్యాద తప్పటం వేరు. గ్రుడ్డుకు విలువ కట్టవలసినది దానిని తెచ్చినవాని కష్టాన్నిబట్టి కాదు. ఈ మాట కఠినంగా వినిపించినా అనక తప్పదు.

ఆ పిండాల గతి ఏమైనది? పరిశీలనకు మొదట పూనుకొన్న ఆషెటన్ 1915లో మరణించాడు. తరువాత ఎడింబరోలోని ప్రొఫెసర్ కోసర్ యూవర్ట్ చూచి ఇచ్చిన నివేదికను చెర్రీ తన గ్రంథంలోనే చేర్చాడు. చివరకు 1934లో గ్లాస్గోకు చెందిన పార్సన్స్ ప్రకటించిన నిర్ణయమేమంటే, పెంగ్విన్ పిండవిజ్ఞానానికి ఈ మూడు పిండాల వల్ల చెప్పుకోదగినంత క్రొత్త సంగతి చేరలేదని. దంతాలు లేవు. పొలుసు ఈకగా మారే రహస్యం లేదు. అసలు ఎంపరర్ పెంగ్విన్ ఆదిమపక్షియే కాదు. ఎగిరే పక్షుల సంతతిలో పుట్టి, ఈతకు అలవడి ఎగరటం మానిన జాతి అది. దానికి దగ్గర చుట్టాలు ఆల్బట్రాస్, పెట్రెల్ వంటి సముద్రపక్షులు. ఇప్పుడున్న పక్షులలో ముందుగా చీలిపోయిన శాఖ కావలెనంటే నిప్పుకోడి, ఈమూ పక్షుల వైపు చూడాలి.

ఇక్కడ కథ ముగించి, "పాపం, వృథాశ్రమ" అనేవారున్నారు. వారు తొందరపడుతున్నారు. తప్పినది విల్సన్ ఎన్నుకొన్న పక్షి, ఆయన నమ్మిన సిద్ధాంతం. ఆయన ప్రశ్న తప్పలేదు. 1996లో చైనాలోని లియావోనింగ్ రాష్ట్రపు రాతిపొరలలో దొరికిన సైనోసారోప్టెరిక్స్ అనే చిన్న డైనోసారుకు ఒంటినిండా నూగువంటి ఈకలున్నట్లు తేలింది. ఈక పక్షికంటె ముందు పుట్టినదన్న మాట. 2006లో ఒకరకం జన్యులోపంగల కోడిపిండాలలో మొసలిపిల్లకు వచ్చునట్టి దంతపు మొలకలు కనిపించినవి. పక్షులు దంతాలు పోగొట్టుకొని కోట్ల సంవత్సరాలైనా, వాటిని మొలిపించే ఏర్పాటు పూర్తిగా చెరిగిపోలేదు. 2016లో సరీసృపాల పొలుసులు, పక్షుల ఈకలు, క్షీరదాల వెంట్రుకలు మూడూ పిండచర్మంలో ఒకేరకమైన చిన్న ఉబ్బు నుండి మొదలవుతవని చూపారు. పిండాన్ని చూచి పూర్వచరిత్రను చదవవచ్చునన్న విల్సన్ ఆశ మరొక రూపంలో ఫలించింది. జవాబు క్రోజియర్ అగ్రంలో లేదు. వెచ్చని ప్రయోగశాలలో, కోడిగ్రుడ్డులో ఉన్నది.

గ్రంథంలోనే మరొక మూట ఉన్నది. దాని విలువ గ్రంథకర్తకంటె మనకు బాగా తెలుసు. స్కాట్ ధ్రువం చేరినది 1912 జనవరి 17న. అమండ్సెన్ అప్పటికి నెలరోజుల ముందే, 1911 డిసెంబరు 14న, చేరి ఉన్నాడు. ఓడిపోయి తిరిగివస్తూ, 1912 ఫిబ్రవరి 8న, బియర్డ్‌మోర్ హిమానీనదపు ఎగువన, బక్లీ పర్వతం దగ్గర కొంతసేపు ఆగి విల్సన్ ప్రభృతులు రాళ్ళు ఏరారు. అందులో బొగ్గుపొరల మధ్య ఆకుల ముద్రలున్నవి. నవంబరు 12న వెదకబోయినవారికి స్కాట్, విల్సన్, బవర్స్ శవాలున్న గుడారం కనిపించింది. దానితోబాటు 35 పౌన్ల రాళ్ళున్నవి. బరువు తగ్గించుకొనటానికి కూడా వారు వాటిని పారవేయలేదు. వాటిలో గ్లోసోప్టెరిస్ అనే లుప్తవృక్షపు ఆకులున్నవని 1914లో సీవర్డ్ ప్రకటించాడు. ఈ పేరును బ్రాన్యార్ 1828లో పెట్టినది మన దేశంలోను ఆస్ట్రేలియాలోను దొరికిన శిలాజాలను చూచి. సింగరేణి బొగ్గు ఉన్న గోదావరి లోయ పొరలు కూడా ఈ వృక్షజాతి పెరిగిన కాలానివే. వయస్సు సుమారు 25 నుండి 30 కోట్ల సంవత్సరాలు. కొత్తగూడెం, ఇల్లెందు ప్రాంతపు ఉపాధ్యాయులు ఈ పాఠం చెప్పేటప్పుడు తమ ఊరి బొగ్గునే చూపవచ్చును. గోండుల పేరుమీద గోండ్వానా అని మనం పిలిచే ప్రాచీన మహాఖండంలో భారతదేశము, దక్షిణధ్రువ ఖండము ఒకప్పుడు కలిసి ఉండినవనటానికి ఈ ఆకు గట్టి ఆధారాలలో ఒకటి.

ఐదువారాలు నరకం అనుభవించి, పదేళ్ళు ఆలోచించి తెచ్చిన గ్రుడ్లు స్వల్పం చెప్పినవి. ఒక మధ్యాహ్నం ఏరిన రాళ్ళు ఖండాల చరిత్ర చెప్పినవి. దీనినిబట్టి ఆలోచించి చేసిన పనికంటె అదృష్టం గొప్పదనుకొంటే పొరపాటు. ఆ రాయిలో ఆకును గుర్తించినది కూడా పిండంలో దంతం కోసం వెదకిన కన్నే. ఆకు ఎదురైనప్పుడు అది దేనికి పనికివచ్చునో విల్సన్‌కు తెలియదు. వదిలిపెట్టకూడదని మాత్రం తెలుసు.

గ్రంథపు ఉత్తరభాగం గురించి కొంచెం చెప్పాలి. 1912 మార్చి 4 నుండి 10 వరకు చెర్రీ గారార్డ్, కుక్కలు తోలే దిమిత్రి, వన్‌టన్ డిపో అనే ఆహారపు నిలువ దగ్గర స్కాట్ రాక కోసం ఎదురుచూచారు. తుపాను, కుక్కలకు తిండి లేకపోవటం, కుక్కలను అపాయంలో పెట్టవద్దన్న ఆజ్ఞ, వీటివల్ల ముందుకు పోక తిరిగివచ్చారు. ఆ నెలాఖరున స్కాట్ బృందం ఆ డిపోకు 11 మైళ్ళ దూరంలో మరణించింది. ఆ 11 మైళ్ళు గ్రంథకర్త జీవితాంతం నడిచాడనవచ్చును. రెండవ సంపుటంలో ఆహారపు లెక్కలు, ఆజ్ఞల తేదీలు, ఎవరు ఎప్పుడు ఏమన్నారన్నవి కోర్టు కాగితాలవలె పదేపదే వస్తవి. సానుభూతి కలుగుతుంది, విసుగూ కలుగుతుంది. ఏడవ అధ్యాయంలో ఈ దోషం లేకపోవటానికి కారణం సులభం. అక్కడ నిందించటానికి మనిషి లేడు, చలి మాత్రమే ఉన్నది.

అమండ్సెన్ 1912లో ప్రకటించిన 'ది సౌత్ పోల్' దీనిపక్కన పెట్టి చూడదగినది. అందులో కుక్కలు పరుగెత్తుతవి, చలిదుస్తులు సరిపోతవి, మనుషులు బరువు పెరిగి తిరిగివస్తారు. కష్టం కనబడకుండా ఏర్పాటు చేసుకొనటమే ఆయన సాహసం. చెర్రీ గారార్డ్ ఆ సంగతి గ్రహించి అమండ్సెన్‌కు ఇవ్వవలసిన గౌరవం ఇచ్చాడు. తన దేశపు పాఠకులు అమండ్సెన్‌ను మోసగాడుగా చూస్తున్న రోజులలో అట్లు వ్రాయటానికి కూడా ధైర్యం కావలె. తరగతిలో ఈ రెండు గ్రంథాలనూ కలిపి చెప్పకపోతే, బాధపడటమే సాహసమని విద్యార్థి అనుకొనే ప్రమాదమున్నది.

ఏడవ అధ్యాయాన్ని తెలుగు చేయటం మంచిపని. గ్రంథకర్త 1959 మే 18న మరణించాడు గనుక, మన దేశపు చట్టం ప్రకారం అరవై సంవత్సరాల గడువు తీరి, 2020 నుండి అనువాదానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. చేయబోయేవారికి ఒక చిక్కు మాత్రం ఎదురవుతుంది. తెల్లవారుజామున గడ్డిపై నిలిచేదీ మంచే, పొగవలె కమ్మేదీ మంచే, కొండలపై కురిసేదీ మంచే, నీరు గడ్డకట్టినదీ మనకు మంచే. చెర్రీ గారార్డ్ వాక్యంలో గాలికి లేచే పొడి ఒకటి, బండిని పట్టివేసే ఇసుకవంటిది ఒకటి, సముద్రంపై పేరుకొన్న పలక ఒకటి, ఊపిరి నుండి గడ్డంపై గడ్డకట్టినది ఒకటి. పొడిమంచు, గడ్డమంచు, పలకమంచు, ఊపిరిమంచు అని మాటలు కల్పించుకొనక తప్పదు. ఆ పని ముందు చేసికొని ఆపైన అనువాదానికి కూర్చోవటం మేలు.